చలికి ట్యూబులైటు పట్టుకోవట్లేదు: స్టార్టరా, చోకా, ఓల్టేజా?

కొండమీద_మాస్టారు:
చింతపల్లిలో అద్దె ఇల్లు. డిసెంబరు వచ్చిందంటే తెల్లారుజామున వంటింటి ట్యూబులైటుతో రోజూ ఇదే గోల. స్విచ్చి వేస్తే చివర్లు ఎర్రబడి టక్‌టక్‌మని కొట్టుకుంటుంది. కాఫీ తాగడం అయ్యాక తీరిగ్గా వెలుగుతుంది. మధ్యాహ్నం మాత్రం వెయ్యగానే వెలుగుతుంది. పాత ఇనప చోకు, 40 వాట్ల లావు ట్యూబు. ఏం మార్చమంటారు?

వైండింగ్_బాబాయ్:
ముందు స్టార్టర్, అన్నిట్లోకీ చవక అదే. దాని లోపల గాజుబుడ్డిలో రెండు రేకులుంటాయి. వేడికి వంగి అతుక్కుంటే ట్యూబు చివర్లలో ఫిలమెంట్లు కాగుతాయి. చల్లారి విడిపోగానే చోకు ఒక్క దెబ్బ ఎక్కువ ఓల్టేజీ కొడుతుంది, ట్యూబు అంటుకుంటుంది. చలికి ట్యూబులో పాదరసం ఆవిరి తగ్గిపోతుంది, అప్పుడు ఒక దెబ్బ చాలదు. మామూలు ట్యూబులు 10 డిగ్రీల కిందకొస్తే మొరాయిస్తాయి. మీ లంబసింగి వైపు అంతకన్నా కిందికే పోతుందిగా. చివర్లు నల్లబడ్డాయేమో చూడండి. నల్లబడితే ట్యూబు పనైపోయినట్టే.

సత్యం_విశాఖ:
ఇంత పురాణం అక్కర్లేదు, ఓల్టేజీ తక్కువ. మా ఊళ్లో ఇల్లు లైను చివర ఉంది. సాయంత్రమైతే 170 కూడా రాదు. అర్జీలు పెట్టీ పెట్టీ విసుగొచ్చింది. ఫిట్టింగు జోలికి పోకండి.

తెల్లదీపం:
ఎల్ఈడీ పెట్టుకోండి, గొడవ వదిలిపోతుంది.

వైండింగ్_బాబాయ్:
సత్యంగారూ, మాస్టారు చెప్పింది తెల్లారుజాము సంగతి. ఊరంతా పడుకున్న వేళ ఓల్టేజీ ఎందుకు పడుతుందండీ?

సత్యం_విశాఖ:
గీజర్లు వెయ్యరా?

వైండింగ్_బాబాయ్:
అక్కడ కట్టెల పొయ్యి మీద కాచుకుంటారు.

అరకు_కాఫీ:
కొండమీద వాళ్లంటే అంత లోకువా? మా ఇంట్లో గీజరుంది.

కొండమీద_మాస్టారు:
మీటరు పెట్టి చూశాను. తెల్లారి అయిదింటికి 226, రాత్రి ఏడింటికి 190. చివర్లు నల్లగానే ఉన్నాయి.

వైండింగ్_బాబాయ్:
ఇంకేం! ట్యూబూ స్టార్టరూ కలిపి మార్చండి. నల్లబడిన ట్యూబు ఉంచేస్తే కొత్త స్టార్టర్‌ని కూడా తినేస్తుంది. చోకు మరీ పాతదైతే ఓనరుని మార్చమనండి.

సత్యం_విశాఖ:
ఓనరెందుకు మార్చాలి? వాడుకునేది అద్దెకున్నవాళ్లు. మా కింద వాటాలో ఉన్నవాళ్లు అది పోయింది, ఇది పోయింది అని ప్రాణం తీశారు. ఖాళీ చేసేటప్పుడు కొత్త ఫిట్టింగులు ఊడబెరుక్కుపోయారు. గోడకి స్క్రూల బొక్కలు మిగిలాయి.

వైండింగ్_బాబాయ్:
ఓహో, మీరు ఓనరా! ఇంతసేపూ ఓల్టేజీ ఓల్టేజీ అన్నది ఇందుకా?

సత్యం_విశాఖ:
నా ఇంటికి 170 రావడం అబద్ధమా? మీకు మాత్రం చోకులమ్మే షాపు లేదూ?

వైండింగ్_బాబాయ్:
ఉంది, అయితే నేరమా? లైట్లూ ఫ్యాన్లతో సహా అని చెప్పి అద్దె పెంచేది మీరే. ట్యూబూ స్టార్టరూ అద్దెకున్నవాళ్లు కొనుక్కోవాలి, కాదనను. గోడకున్న ఫిట్టింగు, చోకు, వైరింగు ఇల్లుగలాయనవి.

సత్యం_విశాఖ:
ఏ చట్టంలో రాసుందో చూపించండి.

గోంగూర_గుంటూరు:
మా ఓనరు మేకు కొడితేనే పైకొచ్చేస్తాడు.

తెల్లదీపం:
మీరు కొట్టుకుంటూనే ఉండండి. ఈ ట్యూబుల తయారీ 2027 కల్లా ఆపెయ్యాలని 2023లో మినమాటా ఒప్పందం (పాదరసం వాడకం తగ్గించడానికి దేశాలు చేసుకున్నది) దేశాలు తీర్మానించాయి, కారణం మీరనే ఆ పాదరసమే. ఎల్ఈడీకి చలి లెక్కలేదు, 20 వాట్లు చాలు. పాత ఫిట్టింగులోనే ఎల్ఈడీ ట్యూబు పెడితే మాత్రం వైరింగు ఎలా మార్చాలో డబ్బా మీద చూసి, తెలిసినవాళ్లచేత చేయించండి.

వైండింగ్_బాబాయ్:
అది పోతే విప్పి బాగుచేసేవాడు దొరకడు. మొత్తం పారెయ్యడమే.

కొండమీద_మాస్టారు:
నిన్న ఎల్ఈడీ సెట్టు కొనేశాను, నా డబ్బుతోనే. పాత ఫిట్టింగు విప్పితే చోకులోంచి నల్లటి జిగురు కారి రేకుకి అంటుకుపోయి ఉంది.

సత్యం_విశాఖ:
ఆ పాతది పారెయ్యకండి. ఖాళీ చేసేటప్పుడు మీ ఓనరు అడుగుతాడు.