కాలువ గట్టు ఇళ్లు: సంతకం పెట్టే ముందు ఏమి అడగాలి?

ప్రశ్న (బందరు కాలువ గట్టు నివాసి):
అందరికీ నమస్కారం. విజయవాడలో బందరు కాలువ గట్టున మా నాన్నగారు వేసిన రెండు గదుల రేకుల ఇంట్లో మేము ఉంటున్నాము. గత నెలలో సిబ్బంది వచ్చి, ఇంటింటికీ తలుపు మీద ఎర్ర రంగుతో నంబరు వేసి, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు తీసుకొని, గట్టు ఖాళీ చేస్తే నగరం వెలుపల అపార్ట్‌మెంటులో ఇల్లు ఇస్తామని, అంగీకార పత్రం మీద సంతకం చేయాలని చెప్పారు. మా అమ్మ పటమటలో నాలుగు ఇళ్లలో పని చేస్తుంది, తెల్లవారుజామున నడిచే వెళ్తుంది. పక్కా ఇల్లు మాకు వద్దని కాదు. వానాకాలంలో మురుగు గడప దాటి పొయ్యి దాకా వస్తుంది. ఇటువంటి పథకాల గురించి తెలిసినవారు, ఏమి అడిగి సంతకం పెట్టాలో దయచేసి చెప్పండి.

జవాబు 1 (విశ్రాంత కమ్యూనిటీ ఆర్గనైజర్):
బాబూ, ముందుగా ఒక కఠినమైన మాట చెప్పాలి. కాలువ గట్టును అభ్యంతరకర పోరంబోకుగా, అంటే నివాసానికి ఇవ్వకూడని ప్రభుత్వ భూమిగా లెక్కిస్తారు కనుక అక్కడే పట్టా ఇమ్మని అడిగితే ఫలితం దక్కడం కష్టం. అయితే పటమటకు దగ్గరలో స్థలం చూపమని అడగడానికి మీకు న్యాయమైన ఆధారం ఉంది.

1990ల నాటికి బ్రిటన్ ప్రభుత్వ సాయంతో హైదరాబాద్, విశాఖ, విజయవాడ వంటి నగరాల్లో మురికివాడల అభివృద్ధి పథకాలు నడిచాయి. వాటిలో ప్రధానమైన పని, జనాన్ని కదపకుండా ఉన్నచోటే సిమెంటు రోడ్డు, మురుగు కాలువ, కుళాయి, వీధి దీపం ఏర్పాటు చేయడం. 2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకంలో పేదల ఇళ్లకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. 2015 జూన్‌లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో, మురికివాడ ఉన్న స్థలంలోనే తిరిగి ఇళ్లు కట్టే విభాగం కూడా ఉండేది. 2024లో మొదలైన రెండవ దశలో ఆ విభాగం లేదు. అందుకే ఏ పథకం కింద ఇల్లు ఇస్తున్నారో పత్రంలో రాయించుకోవడం మీ మొదటి పని.

మన రాష్ట్రంలో టిడ్కో (పట్టణ పేదలకు అపార్ట్‌మెంట్లు కట్టే ప్రభుత్వ సంస్థ) ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగులలో కట్టారు. పెద్ద ఇళ్లకు బ్యాంకు రుణం కూడా ముడిపడి ఉంటుంది. మీకు ఇచ్చేది ఎంత విస్తీర్ణం, రుణం ఉంటే నెలకు వాయిదా ఎంత, ఇల్లు ఎవరి పేరున వస్తుంది, తాళం చేతికి రాకముందే గట్టు ఖాళీ చేయమంటారా అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోండి. చివరి ప్రశ్నను అస్సలు వదలకండి. పాత ఇల్లు పోయి, కొత్త ఇల్లు పూర్తికాక, అద్దె గదుల్లో ఏళ్లు గడిపిన కుటుంబాలను నేను నా కళ్లతో చూశాను.

జవాబు 2 (కాలనీకి మారిన కుటుంబం):
మేము అలా మారినవాళ్లమే కనుక రాస్తున్నాను. మా అక్కది ఇడ్లీ బండి. ఇప్పుడు ఇల్లు మూడో అంతస్తులో, బండి కింద మెట్ల పక్కన గొలుసుతో కట్టి ఉంటుంది. రుబ్బిన పిండి గిన్నెలు, గ్యాస్ సిలిండరు రోజూ మోసి దించాలి. పాత పేటలో నలభై ప్లేట్లు అమ్ముడయ్యే వేళకు ఇక్కడ పది కూడా పోవడం లేదు, ఎందుకంటే ఇక్కడ ఉదయం పనికి వెళ్లేవాళ్లందరూ మొదటి బస్సుకే వెళ్లిపోతారు. గోడలు గట్టివి, మరుగుదొడ్డి ఇంట్లోనే ఉంది, పిల్లలు వానకు భయపడడం లేదు. ఆ మేలును నేను కాదనను. కాని బండి పెట్టుకోవడానికి చోటు, తెల్లవారుజామున బస్సు, దగ్గరలో బడి ఉన్నాయా అని ముందే అడిగి ఉంటే బాగుండేదని ఇంట్లో ఇప్పటికీ అనుకుంటాము.

జవాబు 3 (గుంటూరు, అధ్యాపకుడు):
ఇంగ్లండులో 1998లో ‘న్యూ డీల్ ఫర్ కమ్యూనిటీస్’ అనే కార్యక్రమం ప్రారంభించి, వెనుకబడిన 39 పేటలను ఎంచుకొని, ఒక్కో పేటకు పదేళ్లలో సుమారు 5 కోట్ల పౌండ్లు కేటాయించారు. డబ్బు ఎలా ఖర్చు చేయాలో నిర్ణయించే బోర్డుల్లో ఆ పేటవాసులే కూర్చున్నారు. పరిసరాలు, భద్రత బాగా మెరుగుపడ్డాయి. ఉపాధిలో మాత్రం అంత మార్పు రాలేదని తుది మూల్యాంకనం తేల్చింది. పైన ఇడ్లీ బండి సంగతి చదివినప్పుడు నాకు అదే గుర్తుకొచ్చింది. మన దగ్గర 2007లో ఏర్పడిన మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద పొదుపు సంఘాలు, వాటి సమాఖ్యలు ఉన్నాయి కదా. ఒక్కొక్కరుగా సంతకం పెట్టకుండా, మీ పేట సమాఖ్యలో తీర్మానం చేసి, షరతులన్నీ అందులో రాసి ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మ సంఘంలోనే ఉంది కాబట్టి ఆదివారం రామాలయం దగ్గర సమావేశం పెడుతున్నాము. ఎవరెవరు ఎక్కడ పని చేస్తున్నారో, ఎంత దూరం నడుస్తున్నారో ఇంటింటికీ తిరిగి నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఇప్పటికి ముప్పై రెండు ఇళ్లు పూర్తయ్యాయి. పెద్దాయన గారూ, తీర్మానంలో స్థలం ఎంత దూరంలోపు ఉండాలో కిలోమీటర్లలోనే రాయమంటారా?

జవాబు 1 (విశ్రాంత కమ్యూనిటీ ఆర్గనైజర్):
కిలోమీటర్లలోనే రాయండి బాబూ, మీ అమ్మగారి నడకను కొలతగా పెట్టుకొని. ఆ నోటుపుస్తకం పేజీలను నకలు తీసి తీర్మానానికి జతచేసి, అందినట్లు ముద్ర వేయించుకోండి.