వలస కూలీలకు అందని పథకాలతో అంతరం తగ్గుతుందా?

బెంగళూరు మారతహళ్ళిలో ఉండే తెలుగువాళ్ళం కొందరం నెలకొకసారి కూర్చుని ఆర్థిక విషయాలు చర్చించుకుంటాం. ధనిక, పేద అంతరాన్ని ప్రభుత్వాలు ఎలా తగ్గించవచ్చో ఈసారి నేను వివరించాలి. దయచేసి తెలిసినవారు సహాయం చేయగలరు.

మన దేశంలో వారసత్వ ఆస్తిపై ఎస్టేట్ డ్యూటీని 1985లోనూ, సంపద పన్నును 2015 బడ్జెట్‌లోనూ రద్దు చేశారు. రాబడి తక్కువ, వసూలు ఖర్చు ఎక్కువ అన్నారు. అది ఆ పన్నుల స్వభావమా, లేక చట్టాల్లోని మినహాయింపుల ఫలితమా?

నన్ను ఎక్కువగా బాధిస్తున్నది రెండో ప్రశ్న. కర్ణాటకలో 2023లో మొదలైన గృహలక్ష్మి పథకం కింద ఇంటి యజమానురాలికి నెలకు 2,000 రూపాయలు ఇస్తున్నారు. కానీ మా వీధి చివర కడుతున్న అపార్ట్‌మెంట్‌లో ఇటుకలు మోసే అనంతపురం, కర్నూలు ఆడవాళ్ళ రేషన్, ఆధార్ కార్డులు సొంత ఊరి చిరునామాతో ఉన్నందువల్ల, ఈ నగరాన్ని కడుతున్నది వాళ్ళే అయినా, వారికి ఆ డబ్బు రాదు, శక్తి పథకం కింద ఉచిత బస్సు ప్రయాణమూ ఉండదు. రేషన్ బియ్యాన్ని దేశంలో ఎక్కడైనా తీసుకునే వీలు కల్పించినప్పుడు, నగదు సాయాన్ని కూడా మనిషి వెంట నడిచేలా చేయడానికి అడ్డు ఏమిటి? ఖర్చును రెండు రాష్ట్రాలు ఎలా పంచుకోవాలి? ఇలాంటి ఏర్పాటు అమలైన చోటు ఏదైనా ఉంటే తెలుపగలరు.