అప్‌డేట్: హైదరాబాద్–దుబాయ్ ఫ్లైట్ టైమ్

అమ్మ టికెట్‌లో వెళ్లేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలు ఉన్నట్టు కనిపిస్తోంది, ఎందుకని అడిగా కదా, అమ్మ నిన్న క్షేమంగా తిరిగొచ్చేసింది. మీరు చెప్పిందే కరెక్ట్, టికెట్ మీద ఎక్కడి టైమ్ అక్కడిదే వేస్తారు, దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. దూరం సుమారు 2,550 కిలోమీటర్లు, వెళ్లేటప్పుడు నిజంగా గాల్లో ఉన్నది దాదాపు నాలుగు గంటలు, తిరిగొచ్చేటప్పుడు మూడున్నర లోపే, ఎందుకంటే చలికాలంలో పైన పడమటి గాలి గట్టిగా వీస్తుందట, అటు పోతే ఎదురుగాలి, ఇటొస్తే వెనకనుంచి తోస్తుంది. షుగర్ మాత్ర మాత్రం ఫోన్ టైమ్ చూడకుండా చేతి వాచీని మన టైమ్‌లోనే ఉంచి వేసుకోమన్నా, అలాగే వేసుకుంది. పెద్దవాళ్లని ఒంటరిగా పంపేవాళ్లు ఇది తప్పకుండా చెప్పండి, చాలా థాంక్స్ అందరికీ 🙏