సిటీలో అద్దె ఇంటికి కులం అడ్డా, డబ్బు అడ్డా? ఎవరైనా లెక్క తీశారా?

అద్దెకొంప:
మొన్న మా బావతో పెద్ద వాదన. "ఊళ్లో అయితే వాడలు వేరు గానీ హైదరాబాద్‌లో పక్క ఫ్లాట్‌లో ఎవరుంటున్నారో ఎవడికి పట్టింది, అద్దె కడితే చాలు" అంటాడు. నేను ఇల్లు వెతికినప్పుడల్లా ఓనర్లు జీతం కంటే ముందు ఇంటిపేరు అడుగుతారు, ఆ తర్వాత నాన్‌వెజ్ వండుతారా అని. ఇది చెబితే "నీ ఒక్కడి అనుభవం" అని కొట్టిపారేస్తాడు. మన సిటీల మీద గట్టిగా కొలిచిన పరిశోధన ఏదైనా ఉందా? తిట్టుకోవద్దు ప్లీజ్, లెక్కలు చెప్పండి.

గణాంకం రావు:
ఉంది. త్రినా వితయతిల్, గాయత్రి సింగ్ 2001 జనాభా లెక్కలు తీసుకుని హైదరాబాద్‌తో సహా ఏడు పెద్ద నగరాలను వార్డులవారీగా చూశారు, 2012లో అచ్చయింది. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ విడివిడిగా ఉండటం కంటే, కులం ప్రకారం విడిగా ఉండటమే ఎక్కువని తేలింది. అంటే మీ బావ మాటకి సరిగ్గా ఎదురు.

కాకపోతే ఇందులో ఒక తిరకాసు ఉంది. వార్డంటే వేల మంది, ఒకే వార్డులో గేటెడ్ కమ్యూనిటీ, దాని గోడవతల బస్తీ రెండూ ఉంటే కాగితం మీద అది "కలిసిపోయిన" వార్డే! నవీన్ భారతి, దీపక్ మల్ఘాన్, అందలీబ్ రహ్మాన్ 2011 లెక్కలతో ఇంకా కిందికి, జనాభా లెక్కలు రాసుకోవడానికి ఒక్కో ఎన్యూమరేటర్ తిరిగే కొన్ని ఇళ్ల బ్లాకు దాకా వెళ్లి చూస్తే, వార్డు సగటులో దాక్కున్న వేర్పాటు బయటపడింది. కాబట్టి వార్డు అంకెల్ని నేనైతే తక్కువ అంచనాగానే చూస్తాను.

ఎమ్మే ఫైనలియర్:
ఓనర్ల సంగతికి సుఖదేవ్ థోరట్ బృందం చేసినదే నేరుగా పనికొస్తుంది. 2012లో ఢిల్లీ, గుర్గావ్, నోయిడా వైపు అద్దె ప్రకటనలకి ఫోన్లు చేయించారు, మిగతా వివరాలన్నీ ఒకేలా పెట్టి పేరు మాత్రం మార్చి. అగ్రకుల పేర్లకి ఫోన్‌లో ఎక్కడా కాదనలేదు. దళితులకి సుమారు 18 శాతం, ముస్లింలకి 31 శాతం మొహమ్మీదే లేదన్నారు, ఇవి కాక ఎక్కువ అద్దె లాంటి షరతులు పెట్టినవాళ్లు వేరే. ఢిల్లీ లెక్కని హైదరాబాద్‌కి యథాతథంగా అతికించలేం, అది నిజమే, కానీ "డబ్బుంటే చాలు" అన్న మాట మాత్రం అక్కడ నిలబడలేదు.

పాతబస్తీ పిల్లగాడు:
అన్నీ ఓనర్ల మీద తోసేయకండి భాయ్. పనికోసం వచ్చినవాళ్లు మేస్త్రీ వెంటనో చుట్టాల వెంటనో వస్తారు, ఒకే ఊరివాళ్లతో ఒక గల్లీ నిండిపోతుంది. మా వైపు 1990 మత గొడవల తర్వాత చాలా కుటుంబాలు తమవాళ్లున్న చోటికి వాళ్లంతట వాళ్లే మారాయి. ఎవరూ గెంటలేదు.

గణాంకం రావు:
మొదటిది ఒప్పుకుంటా. ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పే మ్యాపు చూసి, ఎందుకున్నారో చెప్పలేం, అందుకే ఫోన్ పరీక్ష విడిగా చేయాల్సి వచ్చింది. రెండోది మాత్రం భయంతో మారడం కదా, దాన్ని ఇష్టం ఖాతాలో ఎలా వేస్తాం? సరే, ఇష్టమే అనుకుందాం. సామ్ ఆషర్, పాల్ నోవొసాద్ వాళ్లు పల్లె, పట్నం కలిపి దాదాపు 15 లక్షల నివాస ప్రాంతాల డేటా చూశారు. పట్టణ ముస్లింలలో 26 శాతం మంది, 80 శాతానికి పైగా ముస్లింలే ఉన్న చోట్ల ఉంటున్నారు, ఎస్సీల్లో ఇలా ఉన్నవాళ్లు 17 శాతం. ఆ ప్రాంతాల్లో సర్కారు బడి, ఆసుపత్రి ఉండే అవకాశం తక్కువ. కలిసి ఉండటం వాళ్ల ఇష్టమే అయినా, హైస్కూలు వద్దని వాళ్లు చెప్పలేదుగా.

డాలస్ దోసె:
అమెరికాలో 1968 చట్టం ప్రకారం జాతి, మతం చూసి ఇల్లు నిరాకరించకూడదు, వివక్ష ఎంతుందో తెలుసుకోవడానికి ప్రభుత్వ శాఖే ఒకేలాంటి వివరాలతో తెల్లవాళ్లనీ నల్లవాళ్లనీ ఒకే ఇంటికి విడివిడిగా పంపి పరీక్షలు చేయిస్తూ వచ్చింది. (అయినా పూర్తిగా పోలేదు, అది వేరే కథ.) మన రాజ్యాంగంలో వివక్ష కూడదనే 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, బావులు ఉన్నాయి గానీ అద్దె ఇంటి మాట లేదు. పైగా 2005లో, పార్శీలకే సభ్యత్వం అనే నియమం పెట్టుకున్న అహ్మదాబాద్ హౌసింగ్ సొసైటీని సుప్రీంకోర్టు సమర్థించింది. ఓనర్ ఇంటిపేరు విని ఫోన్ పెట్టేస్తే, అడగడానికి మీ బావ దగ్గర ఏ సెక్షన్ ఉందో కనుక్కోండి.