13 ఏళ్ళ బాబుకు కింది దవడ పన్ను అడ్డం పడుకుంది, పీకించాలా? లేపించాలా?

మంగళం అమ్మ:
మాది తిరుపతి. బాబుకు పోయిన నెల 13 నిండాయి. కింద కుడి పక్క ఏడో పన్ను (ముందు మధ్య నుంచి లెక్కపెడితే) వచ్చేసింది, ఎడమ పక్క మాత్రం చిగురు చదునుగా అట్లే ఉంది. ఇడ్లీ కూడా ఒక పక్కే నములుతున్నాడని డౌటొచ్చి తీసుకుపోతే ఓపీజీ అని, పళ్ళన్నీ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే తీశారు. అందులో ఆ పన్ను బస్సులో పక్క సీటాయన భుజం మీద నిద్రపోయినట్టు ఆరో పన్ను మీదికి వాలిపోయి ఉంది. మొదటి డాక్టర్ పీకేద్దాం, వెనక జ్ఞానదంతం వచ్చి ఆ చోటు నింపుతుంది అన్నారు. రెండో ఆయన క్లిప్పులు వేసి, కావాలంటే స్క్రూ పెట్టి లేపుదాం, ఏడాది పైన పట్టొచ్చు అన్నారు. నొప్పి లేదు కదా, వదిలేయండి అంటారు మా అత్తగారు. ఎవరైనా చేయించుకున్నారా?

దంతాల పీజీ:
అక్కా, నేను ఆర్థోడాంటిక్స్ (పళ్ళ వరుస సరిచేసే వైద్యం) పీజీ చేస్తున్నాను. ఎక్స్‌రే చూడకుండా పీకండనో వద్దనో చెప్పలేను, కానీ వయసు మాత్రం మంచిదే. ఏడో పన్ను మామూలుగా 11-13 మధ్య వస్తుంది, అప్పటికి వేరు పూర్తిగా తయారై ఉండదు కాబట్టి కదిలిస్తే కదులుతుంది, ఇంకో నాలుగేళ్ళు ఆగితే ఆ పని కష్టం. కొంచెమే వాలితే రెండు పళ్ళ మధ్య రబ్బరు రింగో ఇత్తడి తీగో దూర్చినా చాలు. బాగా వాలితే మత్తిచ్చి చిగురు కాస్త కోసి, కనిపించిన చోట చిన్న బటన్ అంటించి స్ప్రింగుతో వెనక్కి నెడతాం. అట్లా నెట్టడానికి ముందు పళ్ళను ఆధారం చేసుకుంటే అవే జరిగిపోతాయి, అందుకే ఎముకలో స్క్రూ. పనైపోయాక తీసేస్తారు.
వదిలేయడం మాత్రం వద్దు. ఆ సందులో అన్నం ఇరుక్కుంటుంది, బ్రష్ అందదు, బాగున్న ఆరో పన్ను వెనక నుంచి పుచ్చుతుంది. ఒకటి వదిలేసి రెండు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. అన్నట్టు, ఎక్స్‌రేలో జ్ఞానదంతం మొగ్గ ఉందా చూశారా? ఉన్నా అది నిటారుగా వస్తుందని ఎవరూ రాసివ్వలేరు.

చిత్తూరు కుర్రోడు:
నాకు పద్నాలుగో ఏట ఇదే చేశారు. చిత్తూరు నుంచి నెలకోసారి వేలూరు బస్సెక్కేవాణ్ణి. కోసిన రోజు నొప్పి పెద్దగా లేదు, తర్వాత వారమే స్ప్రింగు కొస బుగ్గకు గుచ్చుకుని చంపేసింది, మైనం ముద్ద అంటించుకుని స్కూలుకు పోయేవాణ్ణి. మూడు రోజులు రాగి సంగటే, అదీ పల్చగా. చెనక్కాయలు ఏడాది పైన ముట్టలేదు. పరీక్షలని రెండుసార్లు పోలేదు, బటన్ ఊడిందని కూడా చూసుకోలేదు, చిగురు మళ్ళీ మూసుకుపోయి రెండోసారి కోయించుకున్నాను. తప్పు నాదే. మొత్తం 14 నెలలు. ఇప్పుడు ఆ పన్నుతోనే చెరకు నములుతున్నా.

రేణిగుంట రోడ్:
కోతా స్క్రూ ప్యాకేజీలోనే కలిసున్నాయా, విడిగా కట్టాలా అని ముందే అడగండి. కింది పెదవికి పోయే నరం ఆ పళ్ళ వేర్ల దగ్గరే ఉంటుంది, పన్ను బాగా లోతుగా ఉంటే త్రీడీ స్కాన్ అవసరమా అని కూడా అడగండి. డెంటల్ కాలేజీలో ఖర్చు తక్కువే గానీ ఒక పూట పోతుంది.

మంగళం అమ్మ:
తమ్ముడూ, నీ మాట చదివాక ఎక్స్‌రేను ట్యూబ్‌లైటుకు ఎదురుగా పెట్టి చూశాను. కుడి పక్క చివర గుండ్రంగా ఒక మొగ్గ కనిపిస్తోంది. ఎడమ పక్క ఏమీ లేదు! మరి పీకేస్తే ఆ చోట్లోకి వచ్చేదెవరంట?

దంతాల పీజీ:
కొందరికి మొగ్గ ఆలస్యంగా కనిపిస్తుంది అక్కా, కానీ కనిపించనిదాన్ని నమ్ముకుని ఉన్నదాన్ని పీకడం నాకైతే ఇష్టం లేదు. అదే మాట రెండో డాక్టర్‌ను అడగండి.

మంగళం అమ్మ:
సోమవారం పోతున్నాం. అత్తగారికి ఇవన్నీ చదివి వినిపించాను. ఆమె బెంగంతా ఒకటే, ఏడాది పాటు చెనక్కాయలు లేకుండా వాడు ఎట్లుంటాడని.