గుడిమల్లం లింగం వయసెంత?

స్వర్ణముఖి:
తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోని గుడిమల్లం పరశురామేశ్వరాలయం గురించి ఎవరు రాసినా "ప్రపంచంలోనే మొట్టమొదటి శివలింగం, క్రీ.పూ. 3వ శతాబ్దం" అంటూ మొదలుపెడతారు. ఆ రాతి మీద అక్షరం ముక్క లేదు. మరి ఈ తేదీ ఎక్కడి నుంచి ఊడిపడింది?

పాపానాయుడుపేట:
గాలికబురు కాదండీ. 1911లో పురావస్తు పండితుడు టి.ఏ. గోపీనాథరావు గారు ఈ లింగాన్ని పరిశీలించి, శిల్పశైలిని బట్టి క్రీ.పూ. 2వ శతాబ్దమన్నారు. ఒకసారి దగ్గరగా చూడండి. సుమారు ఐదడుగుల లింగం, దాని ముందువైపు నిలబడ్డ శివుడు. చెవులకు బరువైన కుండలాలు, నడుముకు కుచ్చెళ్లు జారే పల్చని వస్త్రం. కుడిచేతిలో వెనక కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసిన పొట్టేలు (జింక అనేవారూ ఉన్నారు), ఎడమచేతిలో నీటిపాత్ర, భుజాన గొడ్డలి. కాళ్ల కింద గొంతుకూర్చున్న యక్షుడు. జంధ్యం లేదు, చేతులు రెండే. పల్లవుల నాటి శివుడు ఇలా ఉంటాడా?

శాసనప్రియుడు:
పల్లవుల నాటిదని ఇక్కడ ఎవరన్నారు? శైలి ఒక్కదాన్నే పట్టుకుని శతాబ్దం తేల్చేయడం మీదే నా పేచీ. రాజధానిలో పాతబడిన పద్ధతి పల్లెలో మరో వందేళ్లు బతకదా? నాకు 1973లో మొదలైన పురావస్తు శాఖ ఐ.కె. శర్మ గారి తవ్వకాలే గట్టి ఆధారం. లింగం చుట్టూ చతురస్రాకారపు రాతి కంచె బయటపడింది. అంటే మొదట్లో గుడే లేదు, ఆరుబయటే పూజ. ఆ తర్వాత శాతవాహన కాలపు పెద్ద ఇటుకలతో గజపృష్ఠ ఆకారంలో (ఏనుగు వీపులా వెనకవైపు గుండ్రంగా) గుడి లేచింది. కాబట్టి లింగం ఆ ఇటుకల కంటే పాతది. ఎంత పాతదో తవ్వకం చెప్పదు. క్రీ.పూ. 2, 1 శతాబ్దాలంటే తలూపుతాను. 3 అంటే మాత్రం ఉత్సాహమే. "మొట్టమొదటి" అనకండి, దొరికినవాటిలో అతి పాతవాటి వరుసలో ఉందనండి.

రేణిగుంట మాస్టారు:
శతాబ్దాల లెక్క సరే, అరవై ఏళ్లకోసారి కాశీ గంగ వచ్చి లింగాన్ని తడుపుతుందన్న మాట సంగతేమిటి? 2005 డిసెంబరులో గర్భగుడిలోకి నీళ్లు వచ్చాయి కదా!

శాసనప్రియుడు:
వచ్చాయి మాస్టారూ. ఆ ఏడు వానలు ఎలా కురిశాయో మీకూ గుర్తుండాలి. స్వర్ణముఖి నది పక్కనే ఉంది, గర్భగుడి నేల చూస్తే బయటి మండపం కంటే పల్లం. కాశీ దాకా పోనక్కర్లేదు.

రేణిగుంట మాస్టారు:
వాన ప్రతి పదేళ్లకూ దంచుతుంది, గర్భగుడి నిండదే! పెద్దల మాటను అంత తేలిగ్గా కొట్టేయకండి.

స్వర్ణముఖి:
నీటి గొడవకు వేరే చర్చ పెట్టండి, బాబూ. నా ప్రశ్నకు జవాబు దొరికింది: 3 అన్నది ఉత్సాహం, 2 అన్నది శైలి, ఇటుకల కంటే ముందన్నది తవ్వకం.

పాపానాయుడుపేట:
శైలి అన్న మాటను అంత చులకనగా పలకకండి. ఆ యక్షుణ్ని భర్హుత్ (మధ్యప్రదేశ్‌లోని క్రీ.పూ. 2వ శతాబ్దపు బౌద్ధ స్తూపం) యక్షుల పక్కన పెట్టి చూశాకే మాట్లాడండి. నేను 2వ శతాబ్దం నుంచి ఒక్క ఏడాది కూడా దిగను.