మయన్మార్ భూకంప సాయం: గుంటూరు నుంచి పంపే దారి చెప్పండి

2025 మార్చి 28న మయన్మార్‌ను కుదిపిన 7.7 తీవ్రత భూకంప బాధితుల కోసం బ్రాడీపేట అపార్ట్‌మెంట్‌లో 60 వేల రూపాయలు పోగయ్యాయి. జెనీవాలోని రెడ్‌క్రాస్ సమాఖ్యకు నేరుగా పంపాలంటే పాన్, ఏ2 ఫారం (విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తు), అందుకునే బ్యాంకు స్విఫ్ట్ కోడ్, డబ్బు ఎందుకు పంపుతున్నామో చెప్పే పర్పస్ కోడ్ ఎస్1303 కావాలి. విరాళాలకిచ్చే 80జీ పన్ను మినహాయింపు రాదు, సరే. పది లక్షల లోపే కాబట్టి టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) బెడదా లేదు.

చిక్కల్లా ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపేందుకు రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం) వ్యక్తులకే వర్తించడం. అసోసియేషన్ ఖాతా నుంచి కుదరదు. అందరి డబ్బూ ఒకరి ఖాతాలో వేసి పంపితే, రేపు ఆదాయపన్ను వాళ్లు అడిగితే ఏ కాగితాలు చూపాలి? సంతకాల జాబితా చాలుతుందా?

ఇంకోటి: ఛార్జీలు ‘అవర్’ (OUR, అంటే అన్నీ పంపేవారే భరించడం) అని పెట్టకపోతే మధ్యలోని బ్యాంకులు కోసుకుంటాయి. గుంటూరులో గానీ విజయవాడలో గానీ ఈ పని తెలిసిన బ్రాంచి ఏది? బట్టలు, బియ్యం పంపమనకండి. రవాణా ఖర్చే సరుకు ధరను మించుతుంది.